పెద్దవారు వద్దన్నారంటే, దేన్ని వద్దన్నారో ముందు అడగండి

ఎనభై దాటిన మీ నాన్నగారిని ఇంట్లోనే ఉంచి చూసుకుంటున్నామని, డాక్టర్లు చెప్పిన చికిత్సను ఆయన వద్దంటున్నారని, ఇలాంటప్పుడు ఆయన మాట వినాలా లేక పిల్లలే నిర్ణయం తీసుకోవాలా అని మీరు అడిగారు. నిర్ణయం ఆయనదే. అయితే ‘వద్దు’ అన్న ఒక్క మాటనే నిర్ణయంగా రాసేసుకునే ముందు, ఆయన దేనిని వద్దంటున్నారో మీకు కచ్చితంగా తెలిసి ఉండాలి. నేను చూసినంతవరకు చాలా ఇళ్ళలో ఆ విషయం అడిగేవారే ఉండరు.

మా మామయ్యగారు తపాలా శాఖలో పనిచేసి రిటైరయ్యారు, తెనాలిలో మా దగ్గరే ఉంటారు. షుగరు, బీపీ ఎన్నో ఏళ్ళుగా ఉన్నాయి. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయినప్పటి నుంచి మంచం, చక్రాల కుర్చీ తప్ప మరో తిరుగుడు లేదు. పగలు ఒక అమ్మాయి వచ్చి చూసుకుంటుంది, రాత్రిపూట మేము చూసుకుంటాము. కిడ్నీల పనితీరు తగ్గిందని తెలిపే క్రియాటినిన్ రక్తంలో నెలనెలా పెరుగుతూ ఉండగా, ఒక పెద్ద ఆసుపత్రిలో కిడ్నీ డాక్టరుగారు డయాలిసిస్ (కిడ్నీల బదులు రక్తాన్ని శుద్ధి చేసే చికిత్స) అవసరం రావచ్చని, ముందుగానే చేతికి ఫిస్టులా (డయాలిసిస్ సూదులు గుచ్చడానికి వీలుగా చేతిలో ధమనిని సిరతో కలిపే చిన్న ఆపరేషన్) చేయించి ఉంచితే మంచిదని చెప్పారు. మామయ్యగారు ‘నాకొద్దు’ అన్నారు. దానితో ఇంట్లో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. హైదరాబాదులో ఉన్న మా బావగారు ‘నాన్న భయపడుతున్నారు, ఆయన్ని అడిగితే తేలదు, ఇక్కడికి తీసుకొచ్చేయండి’ అన్నారు. అమెరికాలో ఉన్న మా ఆడపడుచు ‘ఈ వయసులో ఆయన్ని హింస పెట్టకండి’ అన్నది. వీడియో కాల్‌లో అందరూ ఒకేసారి మాట్లాడుతుంటే మామయ్యగారు ఫోను వైపు చూస్తూ తల ఊపుతూ కూర్చున్నారు. ఆ తల ఊపడాన్ని ఇద్దరూ తమకే అనుకూలంగా లెక్కవేసుకున్నారు.

ఆయనకు ఆ మాటల్లో సగం వినిపించలేదు. వయసుతో వచ్చే చెవుడులో ముందుగా పోయేది కీచుగా ఉండే సన్నని ధ్వనులు వినే శక్తి. అందువల్ల మనం గొంతు పెంచి అరిచినంత మాత్రాన మాట స్పష్టం కాదు. ఎదురుగా కూర్చుని, పెదవులు కనిపించేలా, కీచుగా కాకుండా కొంచెం మంద్రమైన గొంతుతో నిదానంగా మాట్లాడితే అర్థమవుతుంది. ఆసుపత్రిలో డాక్టరుగారు ముఖానికి మాస్కు వేసుకుని, కంప్యూటర్ వైపు తిరిగి చెప్పారు. పెద్దవాళ్ళకు మతి మందగించిందని మనం తీర్మానించే సందర్భాలలో ఎక్కువ భాగం చెవి సమస్యే అని నా గట్టి నమ్మకం. వేలకు వేలు పోసి కొన్న చెవి మిషను సొరుగులో పడుకుని ఉండగా ఆయన ఏమీ పట్టించుకోరని నిష్ఠూరమాడే కొడుకులను నేను చాలామందిని చూశాను.

మరునాడు ఉదయం కాఫీ అయ్యాక టీవీ ఆపించి, చెవి మిషను పెట్టి, అది కీచుమనడం ఆగేదాకా సర్ది, ఆయన ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆయన ఒళ్ళో రామకోటి పుస్తకం ఉంది. అందులో ఒక్కొక్క వరుస గీత గీసినట్టు ఉంటుంది, ఆ రోజు పేజీ మాత్రం సగంలో ఆగి ఉంది. నేను ఏమీ వివరించలేదు. ‘మామయ్యగారూ, డాక్టరుగారు చెప్పిన దాంట్లో మీకేం అర్థమైందో ఒకసారి నాకు చెప్పండి’ అని మాత్రం అడిగాను.

‘ఏముందమ్మా, వారానికి మూడుసార్లు మిషను మీద పడుకోబెడతారు. దానికోసం నేను హైదరాబాదు వెళ్ళి పెద్దాడి దగ్గర ఉండాలి. ఆ అపార్టుమెంటులో తలుపు వేసుకుంటే పలకరించే దిక్కుండదు. ఇక్కడైతే సాయంత్రం కుర్చీ వీధి గుమ్మంలోకి తోస్తే నలుగురు ఆగి మాట్లాడతారు. అందుకే వద్దన్నాను’ అన్నారు.

ఆయన వద్దన్నది హైదరాబాదును. బావగారు అన్న ‘తీసుకొచ్చేయండి’ అన్న ముక్క ఒక్కటే ఆయన చెవిన స్పష్టంగా పడింది. ఫిస్టులా అయినా, డయాలిసిస్ అయినా మా ఊరు వదలకుండానే చేయించుకోవచ్చని ఆయనకు ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే అది ఆయనకు తెలుసని అందరమూ అనుకున్నాము. ఆ సంగతి చెప్పిన తరువాత ఆయన రామకోటి పుస్తకం చివరి అట్ట లోపల మూడు ప్రశ్నలు రాశారు. ఏ చేతికి చేస్తారు? కొన్నాళ్ళు ఆగి మొదలుపెడితే నష్టమేమిటి? మొదలుపెట్టాక మానేయవచ్చా? మూడో ప్రశ్న మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు, తట్టినా ఆయన ముందు అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

ఆ పుస్తకమే పట్టుకుని మళ్ళీ డాక్టరుగారి దగ్గరకు వెళ్ళాము. అడిగితే చక్కగా చెప్పారు, అది కూడా మాస్కు తీసి. రాసే చెయ్యి వదిలేసి రెండో చేతికే సాధారణంగా ఫిస్టులా చేస్తారని, అది వాడకానికి సిద్ధం కావడానికి కొన్ని వారాలు పడుతుందని, అందుకే ముందు చేయించమన్నానని అన్నారు. డయాలిసిస్ మొదలుపెట్టడానికి మాత్రం లక్షణాలు వచ్చేదాకా ఆగవచ్చని, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాలలో జరిగిన ‘ఐడియల్’ అనే అధ్యయనం 2010లో వెలువడిందని, ముందుగా మొదలుపెట్టినవారికీ ఆగి మొదలుపెట్టినవారికీ మరణాలలో తేడా కనిపించలేదని చెప్పారు. ఇంట్లోనే పొట్టలోకి ద్రవం ఎక్కించి తీసే పద్ధతి ఒకటి ఉందని, అసలు డయాలిసిస్ లేకుండా మందులతో, ఆహారంతో ఆయాసం, దురద, వాంతుల వంటి బాధలను అదుపులో ఉంచే మార్గం కూడా ఉందని, బాగా వయసు మీరి అనేక జబ్బులున్నవారిలో కొందరికి అదే మేలని అన్నారు. మొదటిసారి వెళ్ళినప్పుడు ఇందులో ఒక్క ముక్కా మాకు వినిపించలేదు. బయట నలభై మంది కూర్చుని ఉండగా, అడగనివారికి విడమరిచి చెప్పే తీరిక డాక్టర్లకు ఉండదు. అడగాల్సింది రోగి, ఆ రోగి నోరే మనం మూయించి ఉంచుతాము.

ఫిస్టులా చేయించుకుంటానని, ఆయాసం వచ్చాకే మిషను ఎక్కుతానని, కొన్ని నెలలు చూసి తనకు పడకపోతే ఆపమంటానని మామయ్యగారు చెప్పారు. ఎడమ చేతి నుంచి రక్తం తీయకూడదు, ఆ చేతికి బీపీ చూడకూడదు అని ఆయనే పెద్ద అక్షరాలతో రాసిన కాగితాన్ని మంచం తల వైపు అంటించాము. లేకపోతే ఇంటికి వచ్చి శాంపిల్ తీసుకెళ్ళే ల్యాబ్ కుర్రాడికి ఏ చెయ్యి అందితే ఆ చేతికే సూది గుచ్చే అలవాటు.

సమయం విషయం కూడా చెప్పాలి. మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడో, సోడియం తగ్గినప్పుడో పెద్దవాళ్ళు ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడతారు. ఆ రోజు చెప్పిన ‘సరే’కు గానీ, ‘వద్దు’కు గానీ విలువ ఇవ్వకండి. ఆయన తేరుకున్నాక మళ్ళీ అడగండి. ఏ పూట తెలివిగా ఉంటారో, ఏ మందు వేశాక మత్తుగా ఉంటారో మీకంటే పగలంతా దగ్గరుండే మనిషికి బాగా తెలుస్తుంది. మా ఇంట్లో ఆ అమ్మాయి చెప్పబట్టే కాఫీ తరువాత సమయం ఎంచుకున్నాను. డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు ఆమెను బయట చెప్పుల దగ్గర కూర్చోబెట్టి, నెలకోసారి ఫోన్ చేసే బంధువును లోపలికి తీసుకువెళ్ళే పద్ధతి నాకు ఎంతమాత్రం నచ్చదు.

సంతకాల సంగతి మరీ విచిత్రం. ఫిస్టులా రోజున కౌంటరులోని వ్యక్తి, మామయ్యగారు పక్కనే చక్రాల కుర్చీలో ఉండగా, ఫారం తీసి మా వారి చేతిలో పెట్టాడు. స్పృహలో ఉండి, విషయం అర్థం చేసుకోగల పెద్ద మనిషికి జరిగే చికిత్సకు అంగీకారం ఆయనే ఇవ్వాలి. సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: మేజరైన కుమార్తె మత్తులో ఉండగా ఆమె తల్లి ఇచ్చిన అంగీకారం చెల్లదన్నది. ఫారం మామయ్యగారి ఒళ్ళో పెట్టాము. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, పోస్టాఫీసులో రిజిస్టరు చదివినట్టు మొత్తం చదివి సంతకం చేశారు. వెనుక వరుసలో ఉన్నవారు విసుక్కున్నారు, విసుక్కోనివ్వండి.

మూడో ప్రశ్నకు సంబంధించి ఇంకొక పని చేశారు. కోలుకునే ఆశ లేని స్థితిలో, తాను చెప్పలేని పరిస్థితి వస్తే ఏ చికిత్సలు వద్దో ముందుగా రాసిపెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018 మార్చిలో గుర్తించింది. అప్పట్లో మేజిస్ట్రేటు ధ్రువీకరణ కావాలనడంతో ఎవరూ ఆ జోలికి పోలేదు. 2023 జనవరిలో దాన్ని సడలించి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చేత ధ్రువీకరిస్తే చాలునన్నారు. మామయ్యగారు రాసి, తన తరఫున మాట్లాడే వ్యక్తిగా మా వారి పేరు పెట్టారు. ఆయన మాట్లాడగలిగినంత కాలం ఆ కాగితంతో పని లేదు, అప్పటివరకు ఆయన నోటి మాటే చెల్లుతుంది. బావగారికి మాత్రం ఇది ఇప్పటికీ మింగుడుపడలేదు. నాన్న చేత మరణశాసనం రాయించామని బంధువుల గ్రూపులో పెట్టారు. మామయ్యగారు ఆయనకు స్వయంగా ఫోన్ చేసి, అది రాసింది తానేనని చెప్పారు. ఆ తరువాత గ్రూపులో చర్చ ఆగింది, అభిప్రాయం మారిందని నేను అనుకోవడం లేదు.

మీ నాన్నగారు వద్దంటున్న చికిత్స ఏమిటో మీరు రాయలేదు. మాకు లాగా నిదానంగా ఆలోచించుకునే వ్యవధి ఉన్న విషయమైతే తొందరపడకండి. తుంటి ఎముక విరిగిన పరిస్థితి అయితే మాత్రం ఆపరేషన్ వీలైనంతవరకు 48 గంటలలోపు జరగాలంటారు, కాబట్టి చెవి మిషను, కళ్ళజోడు అంబులెన్సులోనే వెంట తీసుకువెళ్ళి, ఆ మాటలు క్యాజువాలిటీలో మంచం పక్కనే మాట్లాడుకోవాలి.