బస్సు దగ్గరే ఆగిపోకు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

అమెరికాలో బస్సు సీటు తెల్లావిడకు వదలనని అరెస్టయిన పదిహేనేళ్ళ నల్లపిల్ల క్లాడెట్ కాల్విన్ మీద నువ్వు రాసిన వ్యాసం అందింది, నెమ్మదిగా చదివాను. ఆ పిల్ల మీద నీకెంత ప్రేమో ప్రతి పేరాలోనూ తెలుస్తోంది. అందుకే కాస్త పొడుగ్గా జవాబు రాస్తున్నాను.

ముందు ఆ శీర్షిక తీసెయ్. ‘రోజా పార్క్స్ కంటే ముందే’ అని పెట్టావు. బస్సు సీటు వదలనన్నందుకు లోకమంతా ఎరిగింది పార్క్స్‌నే. అలా మొదలుపెడితే కాల్విన్ కథ ఇంకొకరి కథకు ముందుమాటగా మిగిలిపోతుంది. పైగా వాళ్ళిద్దరికీ పోటీ పెట్టినట్టవుతుంది. వాళ్ళ ఊరు, అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీలో, నల్లవాళ్ళ హక్కుల సంస్థ ఎన్.ఏ.ఏ.సి.పి. యువజన విభాగాన్ని నడిపింది పార్క్సే. ఆ సమావేశాలకు కాల్విన్ వెళ్ళేది, ఒక్కోసారి రాత్రికి పార్క్స్ ఇంట్లోనే ఉండిపోయేది. 1955 డిసెంబర్ 1న తాను సీట్లోంచి లేవనన్ననాటికి పార్క్స్‌కు ఈ పిల్ల సంగతి బాగా తెలుసు. ఒకరిని పెంచడానికి ఇంకొకరిని తగ్గించకు.

వ్యాసంలో సగం బస్సు సన్నివేశమే. ఉండొచ్చు, కానీ అసలు చూపించాల్సింది అందులో లేదు. 1955 మార్చి 2, బడి వదిలిన వేళ. బస్సులో ముందున్న 10 సీట్లు తెల్లవాళ్ళవి. అవి నిండితే వెనక కూర్చున్న నల్లవాళ్ళను కూడా డ్రైవర్ లేపేవాడు. ఆ రోజు కాల్విన్ వరసలో మరో ముగ్గురు అమ్మాయిలున్నారు. ఒక తెల్లావిడ వచ్చి పక్కన నిలబడింది. డ్రైవర్ లెమ్మన్నాడు. ముగ్గురూ లేచి వెనక్కి వెళ్ళిపోయారు, కాల్విన్ లేవలేదు. అంటే అక్కడ మూడు సీట్లు ఖాళీ. అయినా ఆ తెల్లావిడ కూర్చోలేదు! ఒక నల్లపిల్ల ఉన్న వరసలో తానూ కూర్చుంటే ఇద్దరూ సమానమైపోతారు కదా. ఖాళీ సీట్లు ఎదురుగా పెట్టుకుని నిలబడే ఉన్న ఆ మనిషిని పాఠకుడికి చూపించు. వర్ణవివక్ష అంటే ఏమిటో వివరిస్తూ రాసిన మూడు పేరాలు ఇక అక్కర్లేదు.

బానిసత్వం మీద పోరాడిన నల్లజాతి స్త్రీలు హేరియట్ టబ్‌మన్ ఒక భుజాన్ని, సొజర్నర్ ట్రూత్ ఇంకో భుజాన్ని పట్టి అదిమినట్టు అనిపించిందని కాల్విన్ తర్వాత చెప్పిన మాట నువ్వు వాడుకున్నావు. బాగుంది. కానీ ఆ పేర్లు ఆ పిల్ల నోటికి ఎలా వచ్చాయి? ఆ ఫిబ్రవరి అంతా బడిలో నల్లజాతి చరిత్ర పాఠాలు విన్నది. అంతకుముందు, తన బడిలోనే చదివే జెరెమయా రీవ్స్‌ను పదహారేళ్ళ వయసులో అరెస్టు చేసి, అందరూ తెల్లవాళ్ళే ఉన్న జ్యూరీతో మరణశిక్ష వేయించడం చూసింది. (1958లో ఆ శిక్ష అమలు చేసేశారు.) బూట్లు కొనుక్కోవాలంటే నల్లవాళ్ళు దుకాణంలో తొడిగి చూసుకోవడానికి లేదు. ఇంటి దగ్గరే కాగితపు సంచి మీద పాదం పెట్టి, చుట్టూ గీత గీసి, ఆ కాగితం పట్టుకెళ్ళాలి. ఇలాంటివన్నీ కలిస్తే వచ్చిన కోపం అది. నువ్వు దాన్ని ఒక్క క్షణంలో పుట్టిన తెగువలా రాశావు.

‘ధీరవనిత’, ‘అగ్నికణం’ లాంటి మాటలు కొట్టెయ్. ఆ రోజు ఆ పిల్ల హడలిపోయింది. చేతికి బేడీలు వేశారు, కారులో నోటికొచ్చిన మాటలన్నారు, పిల్లలను ఉంచే చోటికి కాకుండా పెద్దవాళ్ళ జైలుకు తీసుకెళ్ళారు. సెల్ తలుపుకు తాళం పడిన చప్పుడు ఎన్నో ఏళ్ళ తర్వాత కూడా తన చెవుల్లో వినిపిస్తూనే ఉందని చెప్పింది. విడిపించి ఇంటికి తెచ్చుకున్న రాత్రి, ఎవరైనా వచ్చి ఇల్లు తగలబెడతారేమోనని పెంచిన తండ్రి తుపాకీ పట్టుకుని మేలుకునే ఉన్నాడు. ఇంత భయం ఉందని తెలిశాకే ఆ పిల్ల చేసిన పని ఎంత పెద్దదో పాఠకుడికి అందుతుంది.

ఒక తప్పు మాత్రం వెంటనే దిద్దాలి. ‘గర్భవతి కావడం వల్ల నాయకులు ఆమెను పక్కన పెట్టారు’ అని రాశావు. చాలామంది అలాగే రాస్తారు. తేదీలు వరసగా పెట్టుకుని చూడు. అరెస్టు మార్చిలో జరిగింది. మే నెలలో అప్పీలు విన్న జడ్జి వర్ణవివక్ష చట్టాన్ని ఉల్లంఘించిందన్న అభియోగాన్నీ, శాంతిభంగం అభియోగాన్నీ కొట్టేసి, పోలీసుల మీద దాడి చేసిందన్నది మాత్రం ఉంచాడు. దాంతో ఆ కేసు పట్టుకుని బస్సు చట్టాన్ని సవాలు చేసే దారి మూసుకుపోయింది. ఆమె గర్భవతి అయింది ఆ తర్వాత, వేసవిలో. ఆ సంగతి బయటపడ్డాక ఇంకా దూరం పెట్టారన్నది నిజమే. పేద పిల్ల, కింగ్ హిల్ లాంటి పేటలో ఉండేది, ఒళ్ళు నల్లన, నోరు ఊరుకోదు, ఇవీ లెక్కలోకి వచ్చాయని ఆమే చెప్పింది. ఇవన్నీ రాయి, దాచకు. కానీ ఏది ముందు, ఏది తర్వాత అన్నది తప్పితే ఆమెకు ఇంకో అన్యాయం చేసినట్టే.

ఇక నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం. నా లెక్కలో కాల్విన్ చేసిన పెద్ద సాహసం బస్సులోది కాదు, కోర్టులోది. నీ వ్యాసంలో దానికి ఒకే ఒక్క వాక్యం దక్కింది.

పార్క్స్ కేసు రాష్ట్ర కోర్టుల్లో ఎంతకాలమైనా నలిగే ప్రమాదం ఉందని లాయర్ ఫ్రెడ్ గ్రే 1956 ఫిబ్రవరిలో ఫెడరల్ కోర్టులో వేరే దావా వేశాడు. అదే బ్రౌడర్ వర్సెస్ గేల్. చివరిదాకా నిలబడిన వాదులు నలుగురూ ఆడవాళ్ళే: ఆరేలియా బ్రౌడర్, సూసీ మెక్‌డొనాల్డ్, మేరీ లూయీజ్ స్మిత్, కాల్విన్. పార్క్స్ అరెస్టు తర్వాత నల్లవాళ్ళంతా బస్సులు ఎక్కడం మానేశారు. ఆ బాయ్‌కాట్ నాయకుల ఇళ్ళ మీద బాంబులు పడుతున్న రోజులవి. పేరిచ్చిన ఐదో ఆవిడ వెనక్కి తగ్గింది. కాల్విన్‌కు పదహారేళ్ళు. మార్చి నెలాఖరులో కొడుకు పుట్టాడు. మే 11న నెలన్నర పసివాణ్ణి ఇంట్లో వదిలి బోనెక్కింది. బస్సులో లేవనన్నప్పుడు ఏం జరుగుతుందో ఆమెకు పూర్తిగా తెలియదు. ఇక్కడ అన్నీ తెలుసు. జైలు ఎలా ఉంటుందో తెలుసు, లోకం ఏమంటుందో తెలుసు, తనవాళ్ళే మొహం తిప్పుకుంటారనీ తెలుసు. తెలిసీ వచ్చింది.

ఇదంతా బాయ్‌కాట్ నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ వెనకుండి చేయించిందని కాల్విన్ చేత చెప్పించాలని నగరం తరఫు లాయర్ చూశాడు. మీ నాయకుడెవరని అడిగితే, మా నాయకులం మేమే అంది. బస్సులు ఎక్కడం ఎందుకు మానేశారంటే, మమ్మల్ని నీచంగా, హీనంగా చూశారు కాబట్టి అంది. ఎంత సూటిగా చెప్పిందో చూడు. దానికి ముందూ వెనకా నీ వ్యాఖ్యానం ఏమీ పెట్టకు. జూన్‌లో ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు ఆ చట్టం రాజ్యాంగానికి విరుద్ధమన్నారు. నవంబర్ 13న సుప్రీంకోర్టు సరేనంది. డిసెంబర్ 21 నుంచి మాంట్‌గోమరీ బస్సుల్లో ఎవరైనా ఎక్కడైనా కూర్చోవచ్చు. బస్సులను మార్చిన తీర్పు ఇదీ.

చివర్లో మన రెండు గ్లాసుల పద్ధతిని తెచ్చి పోల్చావు. నీ ఆవేదన నాకు అర్థమైంది. అయినా అది తీసెయ్. ఆ పోలిక తెలుగు పాఠకుడికి తనంతట తానే తడుతుంది, ఇది మాంట్‌గోమరీ కథగానే ఉండనీ.

ఆ ఖాళీలో తర్వాతి జీవితం రాయి. 1958లో న్యూయార్క్ వెళ్ళిపోయింది. మన్‌హాటన్‌లో ఒక వృద్ధాశ్రమంలో నర్సుకు సహాయకురాలిగా 35 ఏళ్ళు పనిచేసింది. పదిహేనేళ్ళప్పుడు జైలుకు బదులు కోర్టు నిఘాలో ఉండాలని విధించిన ప్రొబేషన్ ముగిసిందని ఆమెకు ఎవరూ చెప్పనేలేదు. 2021లో, 82 ఏళ్ళ వయసులో, తానే కోర్టుకు అర్జీ పెట్టుకుంటే ఆ పాత రికార్డు కొట్టేశారు. అంటే ఆమె మళ్ళీ ఒకసారి కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది.

ఈసారి కోర్టు భాగం ముందు రాసుకో, బస్సు దగ్గరికి తర్వాత వద్దువుగాని. తొందరేమీ లేదు. అయ్యాక నాకు పంపు, చదివి మళ్ళీ రాస్తాను.

ఆశీస్సులతో.