ఆరో అంతస్తులో ఫ్లాట్: ‘తర్వాత రెగ్యులరైజ్ అవుతుంది’ అంటే నమ్మి కొనొచ్చా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది తెలంగాణ. కడుతున్న ఒక అపార్ట్‌మెంట్‌లో ఆరో అంతస్తు ఫ్లాట్ మాట్లాడుకున్నాం. బ్రోషర్‌లో ఆరంతస్తులు చూపించి, అన్ని అనుమతులూ ఉన్నాయని వేశారు. మూడో వంతు డబ్బు కట్టేశాం. చేతిలో ఉన్నవి రసీదులే. లోన్‌కు వెళ్తే, ప్లాన్ ఐదంతస్తులకే ఉందని బ్యాంకువాళ్లు ఒప్పుకోలేదు. బిల్డర్‌ని అడిగితే, ‘జనానికి ఇళ్లు చాలడం లేదు, ప్రభుత్వమే రూల్స్ సడలిస్తోంది. రేపో మాపో బీఆర్‌ఎస్ (ఫైన్ కట్టించుకుని అక్రమ కట్టడాలను రెగ్యులరైజ్ చేసే స్కీమ్) వస్తుంది, ఫైన్ కడితే సరి. ఈలోగా భూమిలో వాటా రిజిస్టర్ చేసిస్తా’ అంటున్నారు. ఏం చేయమంటారు? – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఇక ఒక్క రూపాయి కూడా కట్టకండి. వాటా రిజిస్ట్రేషన్‌కూ వెళ్లకండి.

ఇళ్లు చాలడం లేదన్నది నిజమే. అందుకే ప్రభుత్వం అనుమతులు త్వరగా ఇచ్చే ఏర్పాటు చేసింది. 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం పెద్ద భవనాల అనుమతికి 21 రోజుల గడువు పెట్టింది. చిన్న ఇళ్లకైతే యజమాని సొంత ధ్రువీకరణ మీదే అనుమతి వస్తుంది. కానీ అదే చట్టం, అనుమతి లేని కట్టడాన్ని నోటీసు కూడా ఇవ్వకుండా కూల్చే అధికారం ఇచ్చింది. మీ బిల్డర్ మొదటి సగం చెప్పి, రెండో సగం వదిలేశారు.

బీఆర్‌ఎస్ ఆశ కూడా పెట్టుకోవద్దు. 2015 నాటి స్కీమ్ ఆ ఏడాది అక్టోబర్ 28కి ముందు కట్టినవాటికే. అది కూడా హైకోర్టుకెక్కి, దరఖాస్తులు ఏళ్ల తరబడి ఆగిపోయాయి. ఇలాంటి స్కీములు అరుదైన పరిస్థితుల్లో, ఒక్కసారికి మాత్రమే తేవాలని 2024 డిసెంబర్ 17న సుప్రీంకోర్టు చెప్పింది. అధికారులు ఆలస్యం చేశారనో, కట్టడానికి బోలెడు ఖర్చయిందనో అక్రమ కట్టడాన్ని వదిలేయడం కుదరదని కూడా అంది. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ప్లాన్ ప్రకారమే కట్టారని, ఉండొచ్చని అధికారులు ఇచ్చే పత్రం) చూపిస్తేనే కరెంటు, నీళ్లు, డ్రైనేజీ కనెక్షన్లు ఇవ్వాలని, బ్యాంకులు కూడా అది చూశాకే లోన్ ఇవ్వాలని ఆదేశించింది. అంటే మీ ఫ్లాట్‌కు తాళం చెవి వచ్చినా కరెంటు మీటరు రావడమే కష్టం.

రూల్స్‌కు విరుద్ధంగా కట్టిన నోయిడా జంట టవర్ల సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అక్కడి నివాసులు 2012లో కోర్టుకెళ్లారు. 2021లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది, 2022 ఆగస్టు 28న టవర్లు కూల్చారు. కొన్నవాళ్లకు 12 శాతం వడ్డీతో డబ్బు తిరిగివ్వమని ఆదేశాలు వచ్చాయి, నిజమే. కానీ అన్నేళ్లు కోర్టు వాయిదాల మీద బతకడం ఎంత టెన్షనో నా క్లయింట్లను చూసి చెబుతున్నాను.

అప్రూవ్డ్ ప్లాన్ కాపీ తెప్పించుకుని, అందులో భవనాన్ని నిలువుగా కోసినట్టు గీసిన సెక్షన్ బొమ్మ చూడండి. ఐదో అంతస్తు స్లాబు దగ్గర గీతలు ఆగిపోతాయి. ఆ పైన మెట్ల గది, లిఫ్ట్ గది, నీళ్ల ట్యాంకు మాత్రమే ఉంటాయి. మీ పడకగది ఉండాల్సిన చోట కాగితం మీద ఖాళీ. దాని పక్కన బ్రోషర్ పెట్టి చూస్తే మీ కేసు ఏమిటో మీకే అర్థమవుతుంది. ఇక ఆ భూమి వాటా సంగతి: అది కింది ఐదంతస్తుల వాళ్లకు పంచాల్సిన వాటాలోంచి తీసేదే. రేపు వాళ్లే మీ మీద కేసు వేయొచ్చు.

డబ్బు తిరిగి రాబట్టుకునే దారి రెరా చట్టంలో (ఫ్లాట్లు, ప్లాట్లు కొనేవాళ్ల రక్షణకు తెచ్చిన రియల్ ఎస్టేట్ చట్టం) ఉంది. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించినా ప్రాజెక్టు రిజిస్టర్ చేయాల్సిందే. రెరా వెబ్‌సైట్‌లో ఆ ప్రాజెక్టు పేజీ తెరిచి, ఎన్ని ఫ్లాట్లు చూపించారో లెక్కపెట్టి, ప్రింట్ తీసి పెట్టుకోండి. అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతం మించి తీసుకోవడం సెక్షన్ 13 ప్రకారం తప్పు. మీ దగ్గర మూడో వంతు తీసుకున్నారు. బ్రోషర్‌లో తప్పుడు మాట నమ్మి డబ్బిచ్చినవాళ్లు సెక్షన్ 12 కింద ప్రాజెక్టు నుంచి తప్పుకుని, కట్టిందంతా వడ్డీతో సహా అడగొచ్చు. బ్రోషర్ ఎక్కడున్నా వెతికి పట్టుకోండి, మీ కేసులో అదే ప్రాణం.

ముందు డబ్బు తిరిగివ్వమని బిల్డర్‌కు రిజిస్టర్డ్ పోస్టులో ఒక ఉత్తరం పంపి, పదిహేను రోజుల గడువివ్వండి. ‘బీఆర్‌ఎస్ వస్తుంది’ అన్న వాట్సాప్ మెసేజ్‌లు ఉంటే చెరిపేయకండి. స్పందన లేకపోతే సెక్షన్ 31 కింద రెరాలో ఫిర్యాదు చేయండి. ఈ మధ్యలో బిల్డర్ దిగొచ్చి, ప్లాన్‌లో ఉన్న కింది అంతస్తు ఫ్లాట్ ఇస్తానంటే ఆలోచించొచ్చు. అయితే ఆ ఫ్లాట్, ప్లాన్ ప్రకారమే కడతానన్న హామీగా బిల్డర్ మున్సిపాలిటీకి తనఖా పెట్టిన భాగంలోది కాదని చూసుకుని, అగ్రిమెంట్ రిజిస్టర్ అయ్యాకే మిగతా డబ్బు కదపండి.