గుంజుడులనే ఉన్నది సంగతంత

బిడ్డా శ్రావణీ, ఆశీస్సులు.

పోలరాయిడ్ ఆటోమేటిక్ 250 కెమెరా, దాంతోటి ఫూజీ ఎఫ్‌పి-100సి ఫిల్ము (గుంజితే అప్పటికప్పుడే ఫోటో తయారయ్యే రకం) మూడు ప్యాకులు చేతికొచ్చినయని, ఎట్ల వాడాలెనో చెప్పమని రాసినవు. ముందుగాల ఒక లెక్క. ఒక్కో ప్యాకుల పది ఫోటోలు. మూడు ప్యాకులకు ముప్పై. పోలరాయిడ్ వాళ్లు ఈ రకం ఫిల్ము చేసుడు 2008లనే బందు పెట్టిన్రు. ఫూజీ వాళ్లు నలుపు తెలుపుల ఎఫ్‌పి-3000బి ని 2013ల ఆపి, నీ దగ్గరున్న ఈ రంగుల ఫిల్మును కూడ ఆపుతున్నమని 2016ల చెప్పిన్రు. కాబట్టి నీ ప్యాకులన్నీ తారీఖు దాటినవే. ఫూజీ వాళ్ల ఇంకో రకం, ఇంస్టాక్స్ ఫిల్ము దీంట్ల పట్టదు, ఎవరన్న పడుతదంటే నమ్మకు.

ఫిల్ము ఫ్రిజ్‌ల పెట్టు, కానీ పైన మంచు గడ్డకట్టే అరల పెట్టకు. ఒక్కో ఫోటోకు లోపల ఒక చిన్న పొట్లం ఉంటది, దాంట్ల జావ లాంటి మందు ఉంటది. అది గడ్డ కడితే మల్ల సరిగ పరుచుకోదు. కూరల వాసన, తేమ తగలకుండ మూత గట్టిగ పట్టే స్టీలు డబ్బాల వేసి, అడ్డంగ పడుకోబెట్టు. మీద బరువు పెడితే పొట్లం పగులుతది. వాడే రోజు రెండు మూడు గంటల ముందు బయటికి తీసి, వెండి రంగు కవరు విప్పకుండనే గది వేడికి రానియ్యి. సల్లగున్నప్పుడే విప్పితే లోపలంత చెమ్మ పడుతది. మే నెలల వరంగల్లు ఎండ తెలిసిందే కద, బండి డిక్కీల గంటసేపు ఉంచినా ఫిల్ము ఖరాబే.

ఫిల్ము ఎక్కించక ముందే కెమెరాను పరీక్ష చెయ్యాలె. నీ 250 కి 4.5 వోల్టుల పాత రకం బ్యాటరీ పెట్టేటోళ్లు, అది ఇప్పుడు దొరుకుడు కష్టం. ఎలక్ట్రానిక్స్ సామాన్ల దుకాణంల మూడు చిన్న ట్రిపుల్ ఏ సెల్లులు పట్టే డబ్బీ తెచ్చి, కెమెరాల ఉన్న తీగలకు అతికించు. ప్లస్, మైనస్ తారుమారు కావద్దు. పాత బ్యాటరీ కారి ముట్టుకునే చోట పచ్చగ తుప్పు పట్టి ఉంటే, వెనిగర్ల ముంచిన దూదితోటి తుడిచి ఆరబెట్టు. అన్ని మోడళ్లకు ఇదే వోల్టేజీ కాదు, కొన్నిటికి 3 వోల్టులు. బ్యాటరీ మూత లోపల ఏం రాసున్నదో చూసి పెట్టు.

తర్వాత షట్టరు. ఫిల్ము లేకుండ వెనుక తలుపు తెరిచి, 3 అని రాసున్న మీటను కిందికి నొక్కి, 2 అని రాసున్న బటన్ నొక్కు. వెలుతురుకు చూపించి నొక్కితే టక్, టక్ అని రెండు చప్పుళ్లు వెంటవెంటనే రావాలె. లెన్సు పక్కన వెలుతురు కొలిచే చిన్న కన్నును వేలుతోటి మూసి నొక్కితే రెండో చప్పుడు ఆలస్యంగ రావాలె. మూసినా తెరిచినా ఒకే తీరుగ వస్తే బ్యాటరీ కరెంటు అందుత లేదు, ఫోటోలన్నీ నల్లగ వస్తయి. ఇంకోటి, రెండో చప్పుడు వినబడేదాకా బటన్ మీంచి వేలు తియ్యొద్దు. నీడల ఇది మర్చిపోయే చాన మంది కెమెరా చెడిపోయిందనుకుంటరు.

రాత్రి దీపాలార్పి, లెన్సుకు, కెమెరాకు నడుమనున్న ముడుతల తోలు సంచి లోపలికి టార్చి పెట్టి బయటి నుంచి చూడు. ఎక్కడన్న చుక్క వెలుగు కనబడితే అక్కడ సూది బెజ్జం ఉన్నట్టు. మూలల మడతల దగ్గరనే ఎక్కువ పడుతయి. నల్ల రబ్బరు రంగు పల్చగ పూసి ఆరబెడితే సరిపోతది.

వెనుక తలుపు దగ్గర రెండు స్టీలు రోలర్లు ఉంటయి. ఈ కెమెరాకు ప్రాణం అవే. గోరువెచ్చని నీళ్లల తడిపి పిండిన మెత్తటి గుడ్డతోటి, రోలర్లను తిప్పుకుంట అంచుల దాకా తుడువు. ఎండిన మందు పెచ్చు కడితే నానబెట్టి తియ్యి, కత్తి, గోరు తగలనియ్యకు. స్టీలు మీద గీత పడితే ఆ గీత ప్రతి ఫోటో మీద దిగుతది. ఒక్కో ప్యాకుకు ముందు ఒకసారి తుడువు.

ఇగ ప్యాకు ఎక్కించుడు. నీడల నిలబడి కవరు విప్పు. ప్యాకును అంచులతోటి పట్టుకో, నడుమ వేలు పెట్టి నొక్కకు. ముందున్న నల్ల కాగితం లెన్సు వైపు ఉండాలె. ప్యాకు సరిగ కూసున్నంక తెల్ల పట్టీలు ఏవీ కిందికి మడతపడలేదని చూసి తలుపు మూసి గొళ్లెం పెట్టు. నల్ల పట్టీ మాత్రం బయటికి కనబడాలె. దాన్ని నిలువుగ, ఆగకుండ, మొత్తం బయటికొచ్చేదాకా గుంజు. అది వచ్చినంక మొదటి తెల్ల పట్టీ, ఒకటో నంబరుది, కొంచెం బయటికి వస్తది. నల్ల కాగితం తీసినంక ప్యాకు అయిపోయేదాకా వెలుతురుల తలుపు తెరవకు.

ఫోటో తీసినంక రెండుసార్లు గుంజాలె. కొత్తగ పట్టుకున్నోళ్లందరు తప్పు చేసేది ఇక్కడనే, జర నెమ్మదిగ చదువు.

మొదటిది, చిన్న తెల్ల పట్టీ. దీన్ని గుంజితే లోపల వెలుతురు పడ్డ నెగెటివ్ తిరిగి వచ్చి ఫోటో కాగితానికి ఎదురుగ నిలబడుతది, బాణం గుర్తులున్న పెద్ద పట్టీ బయటికొస్తది. తెల్ల పట్టీ సన్నటి కాగితమే. పక్కకు, పైకి వంచి గుంజితే చినుగుతది. సూటిగ, తేలికగ గుంజు. ఫూజీ ప్యాకు ఈ పాత కెమెరాల్ల కొంచెం బిగుతుగ కూసుంటది, అందుకే పట్టీ మొండికేస్తది. రానప్పుడు బలం చూపించకు. నల్ల సంచి గానీ, రాత్రిపూట మందమైన రగ్గు గానీ కప్పుకుని, పూర్తి చీకట్ల తలుపు కొంచెం తెరిచి, పట్టీని వదులు చేసి మూసుకో. వెలుతురుల తెరిస్తే పైనున్న ఫోటో పోతది, కిందివాటికి కూడ మసక పట్టొచ్చు.

రెండోది, పెద్ద పట్టీ. ఇది గుంజినప్పుడే పొట్లం రోలర్ల నడుమ పగిలి, మందు రెండు కాగితాల మధ్యల పల్చటి పొరగ పరుచుకుంటది. ఎడమ చేత్తోటి కెమెరాను గట్టిగ పట్టుకో, వేళ్లు తలుపు మీద నొక్కుకోకుండ చూసుకో. కుడిచేత్తోటి పట్టీని నడుమ పట్టి, అటు ఇటు పోకుండ నేరుగ, ఒక్క తీరుగ గుంజు. నడుమల ఆగకు. వేగం ఎంతంటే, బావిల నుంచి చేదను తొణకకుండ తోడేటప్పుడు తాడు వచ్చే వేగం. మరీ దడాలున గుంజితే పొర పల్చబడి ఫోటో మీద చుక్కలు చుక్కలు పడుతయి. మరీ మెల్లగ గుంజితే మందు చివరిదాకా చేరదు, మూలలు పాడైతయి. నడుమల ఆగితే ఆగిన కాడ అడ్డంగ గీత. వంకరగ గుంజితే ఒక మూల త్రికోణంల ఏమీ రాదు.

ఒక పెద్ద పట్టీ బయటుండగ రెండో తెల్ల పట్టీని ముట్టుకోవద్దు. రెండు ఫోటోలు ఒకటి మీద ఒకటి ఇరుక్కుని ప్యాకంత జామ్ అయితది. తెల్లది, పెద్దది, మల్ల తెల్లది, మల్ల పెద్దది. ఈ వరుస తప్పకు.

గుంజినంక లెక్క మొదలు. 25 డిగ్రీల వేడిల ఎఫ్‌పి-100సి కి సుమారు 2 నిమిషాలు. ఎండాకాలం గది వేడిల ఇంక తక్కువ పడుతది, 90 సెకన్ల దాకా తగ్గించి చూడొచ్చు. డబ్బా మీద వేడిని బట్టి సమయం పట్టిక ఉంటది, అదే నమ్ము. పావు నిమిషం ఎక్కువైతే పెద్ద ముప్పు లేదు, తక్కువైతేనే రంగులు సగం సగం మిగులుతయి. ఈ పక్క డిసెంబరు, జనవరిల తెల్లారుగట్ల సలి 15 కంటె కిందికి పోతది. అప్పుడు గుంజిన ఫోటోను రెండు పల్చటి అల్యూమినియం రేకుల నడుమ పెట్టి, అంగీ లోపల చంకల పెట్టుకో. ఒంటి వేడి చాలు. పోలరాయిడ్ వాళ్లే అట్లాంటి క్లిప్పు అమ్మేటోళ్లు. సలిల వదిలేస్తే ఫోటో నీలంగ, డల్లుగ వస్తది.

సమయం అయినంక ఒక మూల లేపి ఫోటోను ఒక్క ఊపున విడదియ్యి, ఆపి ఆపి తీస్తే చారలు పడుతయి. ఫోటో బొమ్మ 73 మిల్లీమీటర్లు, 95 మిల్లీమీటర్లు ఉంటది. పైన తడి ఉంటది కాబట్టి ముట్టుకోకు, ఒకటి మీద ఒకటి పెట్టకు. ఖాళీ మిఠాయి డబ్బాల పరిచి, మూత కొంచెం తెరిచిపెట్టు, దుమ్ము పడకుండ ఆరుతది. వానకాలం ఆరడానికి ఎక్కువసేపు పడుతది.

మిగిలిన చెత్త కాగితాల మీద ఉండే ఆ జావ క్షారం, చర్మాన్ని మంటెక్కిస్తది. చేతికంటితే వెంటనే నీళ్లతోటి కడుక్కో, కండ్లకు పోనియ్యకు. గుడి దగ్గర, రోడ్డు మీద పడెయ్యకు. మేకలు, ఆవులు నాకుతయి, పిల్లలు ముట్టుకుంటరు. సంచిల ఒక ప్లాస్టిక్ కవరు ఎప్పుడూ పెట్టుకో.

ఇగ వెలుతురు సంగతి. ఈ కెమెరా మీద ఫిల్ము వేగానికి 75, 150, 300, 3000 అనే గుర్తులున్నయి. 100 లేదు. 75 మీద పెట్టి, లెన్సు చుట్టున్న డయల్ ను ముదురు వైపు ఒక్క గీత తిప్పు. తెలుపు పోతే మల్ల రాదు, అందుకే కొంచెం ముదురుగ తీసిన ఫోటోనే కాపాడొచ్చు. అందుకే పంచె కట్టుకున్న పెద్దమనిషిని మధ్యాహ్నపు ఎండల నిలబెట్టకు. నీడకు జరిపి, మొహం మీద మెత్తటి వెలుగు పడేటట్టు చూసుకో.

నల్లరాయి దగ్గర మాత్రం ఈ కెమెరా కన్ను మోసపోతది. వేయిస్తంభాల గుడి స్తంభాలు, రామప్పల దూలాల కింద నిలబడ్డ మదనికలు, ఇవన్నీ నున్నగ చెక్కిన నల్లరాళ్లు. చూపులో సగానికి పైగ నల్లదే ఉంటే కన్ను చీకటని అనుకుని షట్టరును ఎక్కువసేపు తెరుస్తది, రాయి బూడిద రంగుకు తిరుగుతది, మెరుపు పోతది. అట్లాంటి చోట ముదురు వైపు ఇంకో రెండు గీతలు తిప్పు. ఎదురుగ తెల్లటి ఆకాశం ఎక్కువ పడితే దీనికి ఉల్టా, లేత వైపు తిప్పు. మండపం లోపల షట్టరు సెకను దాక తెరిచి ఉండొచ్చు. పురావస్తుశాఖ కట్టడాల్ల ట్రైపాడ్ కు అనుమతి అడగాలె. కాబట్టి కెమెరాను గోడ మీద, నీ సంచి మీద ఆనిచ్చి, ఊపిరి బిగబట్టి నొక్కు. ఫోకస్ మూడున్నర అడుగుల కంటె దగ్గరికి రాదు. దీపం వెలుగుల బతుకమ్మను తీద్దామనుకోకు, నీ ఫిల్ముకు ఆ వెలుతురు చాలదు. పొద్దు గూకక ముందు, గునుగు, తంగేడు పేరుస్తున్నప్పుడే తియ్యి.

తారీఖు దాటిన ఫిల్ము చేసే పనులు వేరు. ఒక అంచు ఖాళీగ, తెల్లగ మిగిలితే పొట్లంల జావ ఎండిపోయినట్టు, అది నీ తప్పు కాదు. వరుసగ రెండు మూడు అట్లనే వస్తే ఆ ప్యాకుతోటి ముఖ్యమైనవి తియ్యకు. ఒకే దూరంల పదే పదే మచ్చలొస్తే రోలర్ల మీద మురికి. అంచున ఎర్రగనో, తెల్లగనో చార పడితే వెలుతురు కారుతున్నది. ఒక్కో ఫోటో వెనుక నంబరు, టైము, వేడి, డయల్ గీత పెన్సిల్ తోటి రాసిపెట్టు.

నెగెటివ్ ను పారెయ్యకు. ఎఫ్‌పి-100సి నెగెటివ్ వెనుక నల్ల పూత ఉంటది. ఎండినంక, బొమ్మ వైపు కిందికి పెట్టి, నాలుగంచులు టేపుతోటి టైలు మీద అతికించు. నీళ్లు లోపలికి పోవద్దు. పైన చిక్కటి బ్లీచింగు ద్రవం, సీసా మీద సోడియం హైపోక్లోరైట్ అని రాసి ఉన్నది, బ్రష్‌తోటి రాసి, నల్లదనం కరిగేదాకా మెల్లగ రుద్ది కడుగు. తర్వాత టేపు తీసి, బొమ్మ వైపు గోరువెచ్చని నీళ్లతోటి తేలికగ కడిగి ఆరబెడితే, స్కాన్ చేసుకునే రంగుల నెగెటివ్ నీ చేతిల ఉంటది. చేతులకు గ్లౌజులు, కిటికీలు బార్లా తెరువు. బాత్రూం కడిగే యాసిడ్‌ను దీంట్ల చుక్క కూడ కలపొద్దు, కలిస్తే విషవాయువు పుడుతది.

మొదటి ప్యాకుల మొదటి రెండు ఫోటోలు ఇంటి ముందట, నీడల, ఒకే వస్తువును తియ్యి. ఒకటి 75 మీద మామూలుగ, ఇంకోటి ముదురు ఒక గీత. పక్కపక్కన పెట్టి చూసినంక రామప్పకు బయలుదేరు.

నీ పెద్దబాపు