కోణాన్ని గుడ్డ మీదే చూడు

చిరంజీవి అమ్మాయికి,

నీ షియర్ పరీక్ష గ్రాఫులు చూశాను, అంటే గుడ్డను పక్కకు వాల్చి పడుగూ పేకా మధ్య లంబకోణం మారేకొద్దీ ఎంత బలం పడుతుందో చూపే గీతలు. ఒకే తానులోంచి కోసిన మూడు ముక్కలకు మూడు రకాల గీతలు వచ్చాయని కంగారు పడ్డావు. మెషీన్‌ను తర్వాత అనుమానిద్దువుగాని, ముందు గుడ్డను ఎలా బిగించావో చూడు.

నాలుగు మూలలా కీళ్ళుండి పక్కకు వాలే చట్రం, అంటే పిక్చర్ ఫ్రేమ్‌లో పడుగూ పేకా ఫ్రేమ్ అంచులకు సరిగ్గా సమాంతరంగా ఉండాలి. కాస్త పక్కకి పోయినా, వాలాల్సిన దారాలు సాగడం మొదలుపెడతాయి. దారాన్ని సాగదీసే బలం ముందు వాల్చే బలం ఎంత? బలాన్ని కొలిచే లోడ్ సెల్ అప్పుడు చూపేది షియర్ కాదు, నీ బిగింపులో వంకర. కొత్తలో నేను వారంపాటు అలాంటి రీడింగులే గర్వంగా రాసుకున్నాను! ఇప్పుడు కోసేముందు అంచున ఒక్క పేక దారం లాగేసి, ఆ ఖాళీ గీత వెంటే కత్తెర నడుపుతాను.

ఫ్రేమ్‌తో విసిగిపోతే ఐమూలగా కోసిన పట్టీని లాగి చూడు. నాకు ఇదే ఇష్టం. పొడవు వెడల్పుకు కనీసం రెండింతలు ఉండాలి, లేకపోతే మధ్యలో పూర్తిగా వాలే భాగం కుంచించుకుపోతుంది. క్లాంపుల దగ్గరి త్రిభుజాలు వాలవు, వాటి పక్క భాగాలు సగమే వాలతాయి. 100 మి.మీ. వెడల్పు, 200 మి.మీ. పొడవున్న పట్టీ 20 మి.మీ. సాగితే మధ్యలో షియర్ కోణం లెక్క ప్రకారం 26 డిగ్రీలు. లెక్కను మాత్రమే నమ్ముకోకు. బిగించే ముందే నడిమధ్యన పడుగు వెంట ఒకటి, పేక వెంట ఒకటి పెన్నుతో సన్నగీతలు గీసి, లాగుతూ ఫోటోలు తీసి కోణం కొలువు. మొదట్లో లెక్కా ఫోటో కలిసే నడుస్తాయి. దారాలు ఒకదాని మీద ఒకటి జారడం మొదలయ్యాక ఫోటో కోణం వెనకబడుతుంది. అక్కడి నుంచి ఫోటోదే మాట.

గుడ్డను వెనక్కి తెచ్చేటప్పటి గ్రాఫు గీత కూడా రాసుకో. అది వెళ్ళిన దారిన తిరిగి రాదు. రెండు గీతల మధ్య మిగిలే ఆ ఖాళీ చాలావరకు పడుగూ పేకా ఒరుసుకున్న రాపిడే. గుడ్డ చేతికి ఎలా తగులుతుందో అంకెల్లో కొలిచే కవబాటా పద్ధతిలో అటూ ఇటూ 8 డిగ్రీల దాకా వాల్చేది అందుకే: గట్టిదనం ఒక అంకె, ఈ రాపిడి వేరే అంకె. గుడ్డ పట్టుకోగానే చేతికి తెలిసేదాంట్లో రెండో అంకెకూ వాటా ఉంది. చాలామంది దాన్ని వదిలేస్తారు.

కొత్త ముక్కల్ని 20 డిగ్రీలు, 65 శాతం తేమ ఉన్న గదిలో రాత్రంతా పరిచి ఉంచు. మడత మాత్రం పెట్టకు, మడత దగ్గర దారాలు నువ్వు కొలవకముందే జరిగిపోతాయి.