ఎన్నికల గొడవా, ఇంటి గొడవా? బెజవాడ కౌన్సెలింగ్ గది నుంచి ఒక జవాబు

ప్రశ్న: "2024 ఎన్నికలప్పటి నుంచి మా నాన్నగారు, అన్నయ్య మాట్లాడుకోవడం లేదు. అమ్మకు ఛాతీలో బరువు, రాత్రిళ్ళు నిద్ర లేదు. ఈసీజీ, ఎకో అన్నీ నార్మల్. ఇది అమ్మ మానసిక సమస్యా, ఇంటి సమస్యా, రాజకీయాల సమస్యా? సైకోథెరపిస్టులు ఇలాంటివి చూస్తారా?"

చూస్తామండీ. విజయవాడలో చాలా ఏళ్ళుగా నేను చేస్తున్న పని ఎక్కువగా ఇదే. మీ అమ్మగారిలాంటి వాళ్ళు మా దగ్గరికి నేరుగా రారు. ముందు వీధి చివర ఆర్ఎంపీ, తర్వాత గుండె డాక్టరు, ఆ తర్వాత గ్యాస్ ట్రబుల్ డాక్టరు, మధ్యలో ఎవరో చెప్పిన గుడి. అన్నీ నార్మల్ అని తేలాక ఫైలు పట్టుకుని వస్తారు. ఆవిడ సరిగ్గా కూర్చోకముందే వెంట వచ్చిన కొడుకో కోడలో మొదలుపెడతారు: "ఊరికే టెన్షన్ పడుతుంది మేడమ్, మీరే కొంచెం చెప్పండి." మాట్లాడుకోనిది మగవాళ్ళిద్దరు, పేషెంటు మాత్రం ఈవిడ.

ఇది మన దగ్గరే జరిగే వింతేమీ కాదు. అమెరికా సైకియాట్రిస్టు ముర్రే బోవెన్ కుటుంబాలను కూర్చోబెట్టి చూసి చెప్పినదాంట్లో ముఖ్యమైన ముక్క ఇదే: ఇద్దరి మధ్య ఒత్తిడి పట్టలేనంత అయినప్పుడు మూడో మనిషిని మధ్యలోకి లాగుతారు. మీ ఇంట్లో ఆ మూడో మనిషి అమ్మ. "వాడికి చెప్పు, కరెంటు బిల్లు కట్టమని." "నాన్నకి చెప్పు, నేను ఆదివారం రానని." రెండు వైపులా కబుర్లు మోసే మనిషికి ఛాతీలో బరువు రాకపోతేనే ఆశ్చర్యం. అయితే ఆ బరువు అబద్ధం కాదు. "రిపోర్టులు బాగున్నాయిగా, ఏమీ లేదు" అని దయచేసి ఆవిడతో అనకండి. ఏదో ఉంది. అది ఈసీజీలో కనబడే రకం కాదు, అంతే.

ఇక మీరు అడిగిన మూడు ముక్కల ప్రశ్న. మనసు, ఇల్లు, రాజకీయం అని మీరు విడదీశారు. నా గదిలోకి అవి విడివిడిగా రావు. అందుకే మొదటిసారి వచ్చినవాళ్ళను నేను బాల్యం గురించి అడగను. ఇల్లు ఎక్కడ, సొంతమా అద్దెనా, ఎవరు ఏ గదిలో పడుకుంటారు, అప్పు ఎంత, పొలం ఎవరి పేరున ఉంది, ఇదంతా ఎప్పటి నుంచి, ఇవి అడుగుతాను. ఆ ఆఖరి ప్రశ్నకు ఈ మధ్య ఎక్కువగా వినే జవాబు "బుడమేరు వచ్చిన దగ్గర్నుంచి."

2024 సెప్టెంబర్ 1 సంగతి ఈ ఊళ్ళో ఎవరికీ గుర్తు చేయక్కర్లేదు. బుడమేరు వాగు వరద నీటిని వెలగలేరు దగ్గర నుంచి కృష్ణలోకి మళ్ళించే కాలువకు గండ్లు పడ్డాయి. సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, కండ్రిక, వాంబే కాలనీ వైపు నీళ్ళు వచ్చి చాలాచోట్ల వారం పైగా కదల్లేదు. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, ఎప్పుడూ చూడనంత. ఆర్మీ వాళ్ళు కూడా వచ్చాక, సెప్టెంబర్ 7కి గానీ గండ్లు పూడలేదు. కొల్లేటికి పోవాల్సిన వాగు దారిలో ఇళ్ళు కట్టుకున్నామని కొందరు, గట్లను పట్టించుకోలేదని కొందరు, పేపర్లలో వాదించుకున్నారు. రెండూ నిజమే.

నా గదిలో మాత్రం ఆ వాదన ఇంకోలా వినబడింది. "ఇక్కడ ఇల్లు కొందామన్నది నువ్వే." "రేటు తక్కువని ఎగబడింది మీ అన్నయ్య." ఒక వాగు, దాని మీద ముప్పై ఏళ్ళ ప్లానింగ్ లోపం, చివరికి మొగుడూ పెళ్ళాల మధ్య తప్పెవరిదనే పంచాయితీగా తేలింది. (నేను చెప్పే వాటిలో ఏదీ ఒక్కరి కథ కాదు. చాలామందివి కలిపి, గుర్తులు మార్చి చెబుతున్నాను.) ఫ్రిజ్, టీవీ, బండి పోయినందుకు ఏడ్చినవాళ్ళు తక్కువ. పెళ్ళి ఆల్బమ్, పిల్లల సర్టిఫికెట్లు, చనిపోయిన అత్తగారు పెట్టిన ఆవకాయ జాడీలు, వీటి దగ్గర గొంతు ఆగిపోయేది. మబ్బు పడితే చాలు, ఇప్పటికీ కొందరు మంచం కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేస్తారు. రాత్రి వాన చప్పుడైతే లేచి గుమ్మం దగ్గర టార్చి వేసి చూస్తారు. ఇంట్లోవాళ్ళు దాన్ని చాదస్తం అంటారు. నడుము లోతు నీళ్ళలో రాత్రంతా నిలబడిన మనిషి వాన పడితే లేచి చూడటంలో చాదస్తం ఏముంది? అలా చూడటం నెలల తరబడి తగ్గక, పగలు పని కూడా చేయనివ్వకపోతే అప్పుడు చికిత్స కావాలి.

పరిహారం వచ్చాక ఇంకో రకం గొడవ. మునిగిన కింద వాటాకు 25,000, పై అంతస్తులకు 10,000 అన్నారు. ప్రభుత్వ లెక్కగా చూస్తే తప్పేమీ లేదు. కానీ కింద తమ్ముడు, పైన అన్న ఉన్న ఇళ్ళు ఈ ఊళ్ళో ఎన్ని! నీళ్ళు వచ్చినప్పుడు తమ్ముడి కుటుంబమంతా పై వాటాలోనే ఉంది, వదినే వండిపెట్టింది. డబ్బులు పడ్డాక ఆవిడ నోట వచ్చిన ఒక్క మాటతో దీపావళికి ఎవరి వంట వాళ్ళదైంది. నా దగ్గరికి వచ్చేటప్పటికి అది "తోడికోడళ్ళ గొడవ" అయిపోయి ఉంటుంది. అందులో వరద పేరే ఉండదు.

నది అవతల కథ వేరు. రాజధాని అమరావతి కోసం 2015లో రైతులు 33 వేల ఎకరాలకు పైగా పూలింగ్‌కి ఇచ్చారు, అంటే భూమి ప్రభుత్వానికి ఇచ్చి బదులుగా ఏటా కౌలు, తర్వాత ఒక ప్లాటు తీసుకోవడం. వాటిలో జరీబు భూములూ ఉన్నాయి, ఏడాది పొడవునా ఏదో ఒక పంట ఉండే భూములు. అరవై దాటిన రైతు తెల్లవారుజామున నాలుగింటికి లేస్తాడు, అలవాటు. లేచి ఏం చేయాలి? కౌలు డబ్బులు ఖాతాలో పడినా, ఆ గంటకు చేయాల్సిన పని పడదు కదా. 2019 డిసెంబర్‌లో మూడు రాజధానుల మాట వచ్చాక ఆ మిగిలిన భరోసా కూడా ఊగింది. ఆ ప్లాటు చూపించి కూతురికి సంబంధం కుదుర్చుకున్నవాళ్ళు (కట్నం నేరమని అందరికీ తెలుసు, ఎవరూ ఆ పేరుతో పిలవరు) అవతలివాళ్ళు వెనక్కి తగ్గితే కూతురి మొహం చూడలేకపోయేవారు. ఆ అమ్మాయిని "డిప్రెషన్" అని నా దగ్గరికి తెచ్చారు. ఆ అమ్మాయికి నేనేం చెప్పాలి, ప్లాటు రేటు పెరిగేదాకా ఓపిక పట్టమనా? సంతకాలప్పుడు చాలా ఇళ్ళలో ఆడవాళ్ళను అడగనే లేదని కూడా ఆ గదిలోనే విన్నాను. పొలం మగవాళ్ళ పేరున ఉంది మరి.

ఇదంతా వింటే బయటి రాజకీయమే ఇళ్ళను పాడు చేస్తోందని నేను అంటున్నట్టు ఉంటుంది. కానీ ఉల్టాగా కూడా జరుగుతుంది, మీ ఇంటికి అదే ఎక్కువ వర్తిస్తుందేమో చూడండి. మన ఇళ్ళలో పెద్దవాళ్ళను ఎదిరించి మాట్లాడటం కుదరదు. "నాన్నా, చెల్లి పెళ్ళికి నా జీతంతో చేసిన అప్పు మీరు ఒక్కసారీ తలుచుకోలేదు" అని ఏ కొడుకూ అనలేడు. "మీ నాయకుడు రాష్ట్రాన్ని ముంచాడు" అని మాత్రం భోజనాల దగ్గర గట్టిగా అనగలడు. తండ్రి కూడా "నువ్వు నన్ను లెక్కచేయడం లేదురా" అనలేక, "మీ పార్టీకి పెద్దా చిన్నా తెలియదు" అంటాడు. 2024 మే 13న ఓటు వేయడానికి హైదరాబాదు నుంచి, అమెరికా నుంచి కూడా జనం వచ్చారు. అంత దూరం నుంచి వచ్చి, ఓటు వేసి, నాన్నతో మాట్లాడకుండా తిరిగి వెళ్ళిన కొడుకులను చూశాను. పార్టీ మీద అంత కోపం ఎవరికుంటుందండీ? లోపల వేరే లెక్క ఉంటుంది.

కోడళ్ళకైతే రెండు పార్టీలు, పుట్టింటిది, అత్తింటిది. రెండు చోట్లా నోరు మూసుకుని ఉండటమే వాళ్ళ రాజకీయం.

మా ఇంట్లో నాన్న ఒక పార్టీ, బాబాయి ఇంకో పార్టీ, నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ. అరుగు మీద కూర్చుని వీధంతా వినబడేలా తిట్టుకునేవారు. తర్వాత ఇద్దరూ కలిసి నీళ్ళు పెట్టడానికి పొలం వెళ్ళేవారు, ఎందుకంటే ఇంజను ఒక్కటే. ఇప్పుడు ఎవరి ఊరు వాళ్ళది, ఫ్యామిలీ గ్రూపు ఒక్కటే మిగిలింది. అందులో తెల్లారగట్ల అయిదింటికి ఒక వీడియో పడుతుంది, అయిదూ పదికి దానికి జవాబు. ఇదివరకటి కంటే రాజకీయాలు చెడిపోయాయని అందరూ అంటారు గానీ, నాకు మాత్రం ఇద్దరూ కలిసి చేయాల్సిన పని లేకపోవడమే పెద్ద తేడాగా కనిపిస్తుంది. అభిప్రాయాలు అప్పుడూ ఇంతే ఘాటుగా ఉండేవి.

నా పార్టీ ఏమిటో తెలుసుకోవాలని వచ్చినవాళ్ళూ చూస్తారు. "మీది ఏ ఊరండీ?" అని అడుగుతారు. ఆ ప్రశ్న ఊరి గురించి కాదని మనందరికీ తెలుసు. ఇంటిపేరు తెలిస్తే కులం, కులం తెలిస్తే పార్టీ, పార్టీ తెలిస్తే ఈవిడ దగ్గర ఎంతవరకు చెప్పొచ్చో ఒక లెక్క. బోర్డు మీద నా పేరు మాత్రమే ఉంది, ఇంటిపేరు లేదు. దాంతో పెద్దగా ఒరిగిందేమీ లేదు, ఫోనులో ఎవరినో అడిగి తెలుసుకునే వస్తారు.

వేసవి గురించి రెండు ముక్కలు. బెజవాడ ఎండ కొత్తగా చెప్పేదేముంది, రాత్రిళ్ళు కూడా చల్లబడకపోవడమే ఇబ్బంది. ఇంట్లో ఏసీ ఒక గదిలోనే ఉంటే ఏప్రిల్ నుంచి జూన్ దాకా అందరూ అక్కడే పడక. కొత్తగా పెళ్ళయిన జంట, అత్తగారు, మరిది పిల్లలు. మూడు నెలలు మొగుడూ పెళ్ళాలు ఒక మాట విడిగా మాట్లాడుకునే చోటు ఉండదు. విడాకుల దాకా వచ్చిన జంటల్లో ఈ సంగతి అడిగితే గానీ చెప్పరు. ఇంకొకటి, బైపోలార్ లాంటి మానసిక జబ్బులకు లిథియం అనే మందు వాడేవాళ్ళు ఎండల్లో చెమటలు పట్టి నీళ్ళు చాలకపోతే రక్తంలో మందు పాళ్ళు పెరిగి ప్రమాదం కావచ్చు. వేసవి మొదట్లోనే సైకియాట్రిస్టును కలిసి పరీక్ష చేయించుకోవాలి, సొంతంగా మందు ఆపకూడదు.

అమెరికా రాజకీయం కూడా పటమటలో అపార్ట్‌మెంటు తలుపు తడుతుంది. 2025 సెప్టెంబర్ 19న కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్లు అని అక్కడ ప్రకటించాక, ఇక్కడ ఒంటరిగా ఉంటున్న తల్లిదండ్రులకు బీపీ పెరిగింది. ఇప్పటికే వీసా ఉన్నవాళ్ళకు ఇది వర్తించదని తర్వాత చెప్పారు. అప్పటికి వాళ్ళు రెండు రాత్రులు నిద్రపోలేదు.

మరి ఇవన్నీ తెలిసి థెరపిస్టు చేసేదేముంది, వరద ఆపుతారా అని అడిగారు ఒకాయన. ఆపలేను. కానీ ఇంట్లో ఒకరి మీద పడిన నింద ఎక్కడి నుంచి వచ్చిందో అందరి ముందూ చెప్పించగలను. అందుకే కుటుంబాన్ని బయట కూర్చోబెట్టడం నాకు ఇష్టం ఉండదు. మన దేశంలో దీనికి మంచి ఉదాహరణ ఉంది. 1950లలో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ రోగులతో పాటు వాళ్ళ కుటుంబాలను కూడా ఆవరణలో టెంట్లు వేసి ఉంచారు. రోగులు తొందరగా కోలుకుని ఇళ్ళకు వెళ్ళారు, ఇంటివాళ్ళకు జబ్బు గురించి భయం తగ్గింది. ఎర్రగడ్డ పేరును తిట్టుగా వాడే మన జనానికి ఆ కథ తెలిస్తే బాగుండు అనిపిస్తుంది. అలాగని ఇంటివాళ్ళకు అన్నీ చెప్పేస్తానని కాదు. సెషన్ అయ్యాక "ఏం చెప్పాడు మేడమ్?" అని తండ్రి అడిగితే, "అతన్నే అడగండి" అంటాను. చాలామందికి నచ్చదు.

మీ విషయానికి వస్తే, ముందు అమ్మగారిని ఒక్కరినే తీసుకెళ్ళండి. మీరు బయట కూర్చోండి. గుండె డాక్టరు రిపోర్టులు వెంట ఉంచండి. థెరపిస్టు దగ్గరైతే చదువు అడగడానికి మొహమాటపడకండి. క్లినికల్ సైకాలజిస్టుకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉంటుంది, మందులు కావాలంటే సైకియాట్రిస్టే రాయాలి. నాన్నగారిని, అన్నయ్యను మొదటి రోజే ఎదురెదురుగా కూర్చోబెట్టే ప్రయత్నం వద్దు, అక్కడ కూడా పార్టీ గురించే మాట్లాడుకుంటారు. ఈలోపు ఇంట్లో ఒక పని చేయవచ్చు: కబుర్లు మోయడం అమ్మ మానేయాలి. "నువ్వే ఫోన్ చేసి చెప్పురా" అనడం ఆవిడకు మొదట్లో పాపం చేసినట్టు ఉంటుంది, మీరు పక్కన ఉండండి. ఎన్నికలకు ముందు ఇంట్లో డబ్బు, పొలం, పెళ్ళి లాంటిది ఏదైనా తేలకుండా ఆగిందేమో అన్నయ్యను విడిగా అడగండి. జవాబు వెంటనే రాదు.

వెళ్ళడానికి కుదరకపోతే ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉంది, నంబరు 14416. ఉచితం, రాత్రి కూడా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. ఆవిడ చేతే డయల్ చేయించండి.