మాస్టారి జవాబులు: మహాబాద్ రిపబ్లిక్

ప్రశ్న: మాస్టారూ, పోటీ పరీక్షల పుస్తకంలో మహాబాద్ రిపబ్లిక్ గురించి ఒకే ఒక్క ముక్క ఉంది. 1946లో ఇరాన్‌లో సోవియట్ యూనియన్ నిలబెట్టిన కీలుబొమ్మ ప్రభుత్వం అట. అంతేనా?
– డిగ్రీ విద్యార్థిని, తెనాలి

జవాబు: అంతే కాదమ్మా. సోవియట్ అండ లేకుంటే ఇరాన్, ఇరాక్, టర్కీల్లో పరుచుకుని ఉన్న కుర్దు జాతివాళ్ళ ఆ రిపబ్లిక్ పుట్టేది కాదన్న మాట నిజమే. 1941 ఆగస్టులో ఉత్తరం నుంచి సోవియట్ సైన్యం, దక్షిణం నుంచి బ్రిటిష్ సైన్యం ఇరాన్‌లోకి దిగాయి. ఇరాక్, టర్కీ సరిహద్దులకు దగ్గర్లో ఉన్న మహాబాద్ మీద టెహ్రాన్ పట్టు సడలిపోయింది. కానీ సొంత పాలన కావాలన్న కోరిక మాస్కో నుంచి దిగుమతి అయింది కాదు. ఇరాన్ రాజు రెజా షా కాలంలో కుర్దు భాషలో చదువు లేదు, కుర్దు దుస్తుల మీద కూడా నిషేధమే. దాన్ని భరించిన ఊరి యువకులే 1942లో 'కోమల' అనే రహస్య సంఘం పెట్టుకున్నారు. రిపబ్లిక్ ఏర్పడింది ఆ తర్వాత మూడేళ్ళకు పైగా గడిచాకే.

1946 జనవరి 22న, ఊరి మధ్య చువార్ చిరా కూడలిలో, ఖాజీ ముహమ్మద్ రిపబ్లిక్‌ను ప్రకటించాడు. వంశపారంపర్యంగా న్యాయం చెప్పే కుటుంబం ఆయనది. సోవియట్ తరహా మిలిటరీ దుస్తుల్లో, తలకు మాత్రం మతపెద్దల తెల్ల తలపాగాతో దిగిన ఫోటోలు ఉన్నాయి, చూడు. ఆయన పాలించింది పెద్ద దేశమేమీ కాదు. మహాబాద్, బుకాన్, నఖదే, ఉష్నవియే, వాటి చుట్టుపక్కల పల్లెలు. సనందజ్ వంటి పెద్ద కుర్దు పట్టణాలు అందులోకి రానేలేదు.

అయినా ఆ కొద్ది నెలల్లో బడిలో పాఠాలు కుర్దులో మొదలయ్యాయి. సోవియట్‌వాళ్ళు ఇచ్చిన ప్రెస్సులో 'కుర్దిస్తాన్' పత్రిక అచ్చయింది, 'హలాలా' అని ఇంకో పత్రిక వచ్చింది. హెమిన్, హజార్ అనే యువకవులు అక్కడే పేరు తెచ్చుకున్నారు. అమ్మభాషలో చదువుకోవడం అప్పటిదాకా ఎరగని పిల్లల చేతికి అమ్మభాష పుస్తకం ఇచ్చిన ప్రభుత్వాన్ని 'కీలుబొమ్మ' అన్న ఒక్క మాటతో సరిపెడితే నేను ఒప్పుకోను. పరీక్షలో మార్కు కోసం రాయాల్సి వస్తే రాయి, కానీ నమ్మకు.

ప్రశ్న: సోవియట్ సైన్యం వెళ్ళగానే ఎలా కూలిపోయింది? ఎందుకు పోరాడలేదు?
– పాఠకుడు, కరీంనగర్

జవాబు: ముందు సోవియట్ బేరం గురించి చెప్తాను. తమ నేల నుంచి సోవియట్ సైన్యం వెళ్ళడం లేదన్న ఫిర్యాదును ఇరాన్ ఐక్యరాజ్యసమితి భద్రతామండలి దాకా తీసుకెళ్ళింది. ప్రధాని ఖవామ్ 1946 ఏప్రిల్‌లో ఉత్తర ఇరాన్ చమురులో వాటా ఇస్తామని సోవియట్‌వాళ్ళతో ఒప్పందం చేసుకున్నాడు. మేలో సోవియట్ సైన్యం వెళ్ళిపోయింది. ఆ చమురు వాటానూ 1947లో ఇరాన్ పార్లమెంటు తోసిపుచ్చింది, అంటే మాస్కోకూ ఏమీ మిగల్లేదు.

ఇక లోపలి సంగతి. ఆ ప్రాంతపు రైతులకు డబ్బు తెచ్చే పంట పొగాకు. టెహ్రాన్‌తో సంబంధం తెగాక దాన్ని అమ్ముకోవడం కష్టమైంది. తెగల పెద్దలకు మొదటినుంచీ సోవియట్‌వాళ్ళ మీద నమ్మకం తక్కువ, చేతిలో డబ్బు ఆడకపోయేసరికి ఒక్కొక్కరే పక్కకు తప్పుకున్నారు. వాళ్ళను ద్రోహులనడం తేలిక. నేనైతే అనలేను, ఇల్లు గడవాలిగా! ఇరాక్ నుంచి వచ్చిన కుర్దు నాయకుడు ముస్తఫా బార్జానీ మనుషులే చివరికి గట్టి సైన్యంగా మిగిలారు.

డిసెంబరులో ఇరాన్ సైన్యం కదిలింది. పక్కనే తబ్రీజ్‌లో ఉన్న అజర్‌బైజాన్ ప్రభుత్వం, అదీ సోవియట్ అండతో ఇరాన్ లోపలే ఏర్పడిందే, కూలింది, దాని నాయకుడు పీషెవరి సోవియట్ గడ్డకు పారిపోయాడు. ఖాజీ ముహమ్మద్‌కూ ఆ దారి ఉంది. ఆయన వెళ్ళలేదు. తాను పారిపోతే ఆ కక్ష ఊరి మీద తీర్చుకుంటారని భయం. అందుకే పోరాటం వద్దని, నెత్తురు పారకుండా డిసెంబరు 15న సైన్యాన్ని ఊళ్ళోకి రానిచ్చాడు. కుర్దు ప్రెస్సు మూతపడింది, బడిలో కుర్దు పాఠాలు ఆగిపోయాయి. 1947 మార్చి 31న ఆయన్ను, తమ్ముడు సద్ర్ ఖాజీని, బంధువు సైఫ్ ఖాజీని ఉరితీశారు. అదీ రిపబ్లిక్‌ను ప్రకటించిన ఆ చువార్ చిరా కూడలిలోనే. సద్ర్ ఖాజీ టెహ్రాన్ పార్లమెంటు సభ్యుడు, రాజీ మాటలు నడిపినవాడు. ఆయన్నూ వదలకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ప్రశ్న: ఇరాక్ కుర్దు నాయకుడు మసూద్ బార్జానీ మహాబాద్‌లో పుట్టాడంటారు, నిజమేనా?
– పాఠకుడు, విజయనగరం

జవాబు: నిజమే. 1946 ఆగస్టు 16న, రిపబ్లిక్ ఉండగానే పుట్టాడు. తండ్రి ముస్తఫా 1947లో కొన్ని వందల మందితో కొండల్లో పోరాడుతూ నడిచి, అరస్ నది దాటి సోవియట్ యూనియన్ చేరాడు. మళ్ళీ ఇరాక్‌కు వచ్చింది 1958లో. మసూద్ 2005 నుంచి 2017 దాకా ఇరాక్‌లోని కుర్దిస్తాన్ ప్రాంతానికి అధ్యక్షుడిగా ఉన్నాడు.