నల్లగొండలో బేకరీ, పిజ్జా, రైతు బజారు: దుకాణం పేరు కన్నా వేళ ముఖ్యం

హైదరాబాదు నుంచి నల్లగొండకు బదిలీపై వస్తున్నామనీ, పిల్లలకు బేకరీ తినుబండారాలు, పిజ్జా బాగా అలవాటనీ, ఇక్కడ అవి ఎక్కడ బాగుంటాయో, రైతు బజారులో ప్రత్యేకంగా ఏం కొనవచ్చో చెప్పమనీ అడిగారు. పాలమూరులో (మహబూబ్‌నగర్‌లో) పెరిగి, ఉద్యోగరీత్యా నల్లగొండలో స్థిరపడినవాడిగా నేను చెప్పగలిగింది ఇది: ఏ దుకాణం మంచిదని అడగడం కన్నా, ఏ దుకాణంలో ఏది ఏ వేళకు తయారవుతుందో అడిగి తెలుసుకోండి. మహానగరంలో రోజంతా అమ్మకం సాగుతుంది కాబట్టి ఎప్పుడు వెళ్లినా కాస్త తాజా సరుకే దొరుకుతుంది. జిల్లా కేంద్రంలో అలా కాదు. పొద్దున ఒక విడత, మధ్యాహ్నం ఒక విడత చేశారంటే ఆ రోజుకు అదే సరుకు.

నల్లగొండ, పాలమూరు రెండు పట్టణాల్లోనూ బేకరీ అనగానే ముందుగా కనిపించేది అయ్యంగార్ బేకరీ బోర్డు. కర్ణాటకలోని హాసన్ ప్రాంతపు కుటుంబాలు బెంగళూరులో నిలబెట్టిన పద్ధతి అది; ఇవాళ ఆ బోర్డు పెట్టిన ప్రతివారూ ఆ కుటుంబాలకు చెందినవారే అనుకోనక్కరలేదు. అక్కడ కొనవలసినవి దిల్‌పసంద్ (కొబ్బరి కూరిన తీపి రొట్టె), ఖారా బన్ (కారం బన్ను), రస్కులు, కర్రీ పఫ్. వీటిలో రస్కు ఎప్పుడు కొన్నా ఒకటే, కానీ పఫ్‌కు మాత్రం వేళ తప్పనిసరి. దాని పొరల మధ్య చాలాచోట్ల వెన్నకు బదులు మార్జరీన్ (నూనెలతో చేసే వెన్నలాంటి కొవ్వు) వేస్తారు. అది వెన్నంత సులువుగా కరగదు కనుక చల్లారిన పఫ్ తింటే అంగిట్లో జిడ్డు పేరుకుంటుంది, అద్దాల పెట్టెలో బల్బు కింద గంటల తరబడి ఉంటే పొరలు సాగిపోతాయి. నేను వెళ్లే చోట సాయంత్రం నాలుగు దాటాక ట్రే బయటికి వస్తుంది. ఆ అరగంటలో తిన్న పఫ్‌కూ, రాత్రి ఎనిమిదింటికి తిన్నదానికీ పోలికే లేదు. నూనెలు, కొవ్వుల్లో గుండెకు చేటు చేసే ట్రాన్స్‌ఫ్యాట్ 2 శాతానికి మించకూడదన్న నిబంధన 2022 జనవరి నుంచి దేశమంతటా అమలులో ఉన్నప్పటికీ, పఫ్‌ను రోజువారీ తిండిగా చేసుకోవద్దనే నా సలహా. పుట్టినరోజులకు అందరూ అడిగే కూలింగ్ కేకుల మీద పూసే క్రీము చాలావరకు పాలమీగడ కాదు, వనస్పతి నూనెతో చేసినది. నన్నడిగితే అదే బేకరీలో ఆ రోజు చేసిన సాదా ప్లమ్ కేకు దానికన్నా ఎంతో మేలు.

పిజ్జా సంగతి తొందరగా ముగిస్తాను. చిన్న దుకాణాల్లో సగం కాల్చిన రొట్టెను ప్యాకెట్లలో తెప్పించుకుని, పైన కూరగాయ ముక్కలు, చీజ్ వేసి వేడి చేసి ఇస్తారు. కాబట్టి దుకాణానికీ దుకాణానికీ తేడా తక్కువే. చీజ్ నిజమైన మొజరెల్లానా, లేక నూనెతో చేసిన నకలా అని నిస్సంకోచంగా అడగండి. పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరులో ఏడాదిపాటు నిషేధించిందన్న సంగతి గుర్తుంచుకుని, పిల్లల ప్లేటులో మయోనైజ్ వేయించకపోవడమే మంచిది. మా ఇంట్లో మాత్రం బేకరీ నుంచి పిజ్జా రొట్టెలు తెచ్చి, రైతు బజారు టమాటాలను ఉల్లిగడ్డ, వెల్లుల్లితో దగ్గరగా ఉడికించి పూసి, మందపాటి పెనం మీద మూతపెట్టి సన్నని సెగన కాలుస్తాం. పిల్లలు దుకాణం పిజ్జాను మరిచిపోయారని చెప్పను గానీ, అడగడం తగ్గించారు.

ఇక రైతు బజారు. ఈ బజార్లు ఉమ్మడి రాష్ట్రంలో 1999 జనవరి 26న మొదలయ్యాయి. గుర్తింపు కార్డు ఉన్న రైతు దళారి లేకుండా నేరుగా అమ్ముకోవాలన్నది ఉద్దేశం. ఏ రోజు ధరలను ఆ రోజు బోర్డు మీద రాసి పెడతారు కనుక బేరానికి ముందు ఒకసారి దాన్ని చూడండి. అయితే లోపల కూర్చున్నవారందరూ పండించినవారే కారు. ఆలుగడ్డ, క్యారెట్, క్యాప్సికం, బీన్స్ అన్నీ ఒకేచోట పోసుకుని కూర్చున్న వ్యక్తి ఎక్కడో మార్కెట్లో కొని తెచ్చినవాడై ఉంటాడు; రెండు మూడు రకాలే, అవీ ఎగుడుదిగుడు సైజుల్లో పెట్టుకున్న అవ్వ దగ్గర ఉన్నది చేనులో తెంపిన సరుకు. పుంటికూర, గంగవాయిలి కూర, పాలకూర వంటివి తెల్లవారాక ఎంత తొందరగా వెళితే అంత బాగా దొరుకుతాయి. పొద్దెక్కేకొద్దీ ధర దిగుతుంది, ఆకు కూడా వాడుతుంది.

కాలాన్ని బట్టి అడగవలసినవి కొన్ని ఉన్నాయి. ఎండాకాలంలో చింతచిగురు, తాటిముంజలు. వానలు పడ్డాక బోడకాకర, దాని ధర విని వెనుదిరగవద్దు, వచ్చేది కొన్ని వారాలే. చలికాలంలో తాటి గేగులు. యాసంగి పంట దిగినప్పుడు పచ్చి పల్లికాయ, ఉప్పు వేసి ఉడకబెట్టుకోవడానికి. బత్తాయికి ఈ జిల్లా పెట్టింది పేరు. తొక్క పచ్చగా ఉందని కాయను పక్కన పెట్టకండి. సైజుకు మించి బరువు తూగుతూ, తొక్క నున్నగా, పలచగా ఉన్నదాన్ని ఏరుకుంటే రసం నిండుగా ఉంటుంది. దసరా, దీపావళి మధ్య ఒక సెలవు రోజున వీలుచేసుకుని మహబూబ్‌నగర్ వైపు వెళ్లిరండి. బాలానగర్ సీతాఫలం రకానికి ఆ పేరు ఇచ్చిన ఊరు ఆ జిల్లాలోదే, ఆ రోజుల్లో దారిపొడవునా గంపల్లో పెట్టి అమ్ముతారు. కండ్లు విచ్చుకుని, కన్నుకూ కన్నుకూ మధ్య గీత తెల్లబడ్డ కాయలనే తీసుకోండి, అవి ఇంట్లో రెండు మూడు రోజుల్లో మాగుతాయి. విచ్చుకోని కాయ చాలావరకు మాగకుండానే నల్లబడుతుంది. పూర్తిగా మాగినవాటిని మాత్రం గంప అడుగున పెట్టుకుని ప్రయాణించవద్దు, నల్లగొండ చేరేసరికి గుజ్జు తప్ప మరేమీ మిగలదు.